పన్నెండింటికి ప్రసవం, ఒంటిగంటకు భోజనాలు

పదిహేను మంది చుట్టాలను, రెండు పెద్ద గిన్నెల బగారా అన్నాన్ని, పంతులుగారు చెప్పిన దివ్యమైన లగ్నాన్ని సరిగ్గా ఒకే సమయానికి సంగారెడ్డిలోని ఒక ప్రసూతి ఆసుపత్రి గేటు ముందుకు రప్పించి, అసలు రావలసిన మనిషిని మాత్రం రప్పించలేకపోయిన ఘనుణ్ణి నేనే. ఒక రోజు కాదు, వరుసగా రెండు రోజులు! మీరు హాయిగా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ స్వప్న నాలుగేళ్లుగా నవ్వుతూనే ఉంది. మా మామగారు మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జిని. మా దగ్గర రియాక్టర్లని పెద్ద పెద్ద ఉక్కు పాత్రలు ఉంటాయి. వాటిలో ఏ సరుకు ఎన్నింటికి వేయాలి, ఎంతసేపు కలపాలి, ఎన్నింటికి బయటికి తీయాలి, అన్నీ ఒక కాగితం మీద రాసి ఉంటాయి. దాన్ని బ్యాచ్ షీట్ అంటాం. ఆరేళ్లపాటు ఆ కాగితాలు చూసీ చూసీ, భూమ్మీద జరిగే ప్రతి పనికీ ఎక్కడో ఒక బ్యాచ్ షీట్ ఉండే ఉంటుందని గట్టిగా నమ్మే స్థితికి చేరుకున్నాను. ఇంట్లో పప్పు ఎన్నో విజిల్‌కు ఉడికిందో కూడా రాసిపెట్టేవాణ్ణి. స్వప్న ఆ పుస్తకాన్ని పాత పేపర్లలో కలిపేసింది, అది వేరే సంగతి.

స్వప్నకు నెలలు నిండాయి. డాక్టరమ్మ చెప్పిన తేదీ దాటి వారమైంది. లోపలున్న ప్రాణికి మాత్రం బయటికి వచ్చే ఉద్దేశమే ఉన్నట్టు లేదు. స్కానింగ్ కాగితం చూసి డాక్టరమ్మ అంది: "ఉమ్మనీరు కొంచెం తగ్గింది. ఇంకా ఆగడం మంచిది కాదు. రేపు పొద్దున ఎనిమిదింటికి వచ్చేయండి. నొప్పులు రావడానికి మందు పెడతాను."

ఆ తర్వాత ఆమె ఇంకో నాలుగైదు మాటలు కూడా చెప్పిందట. మొదటి కాన్పు కాబట్టి ఆలస్యం కావచ్చనీ, ఒక్కోసారి రెండు రోజులు పట్టవచ్చనీ, ఓపిక పట్టాలనీ. ఎందుకు "చెప్పిందట" అంటున్నానంటే, ఆ సమయానికి నేను తల వంచుకుని ఫోన్లో టైపు చేస్తున్నాను. ఏమిటో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కిష్టారెడ్డిపేటలో మా అద్దె ఇంటికి తిరిగి వస్తుంటే కారులో స్వప్న నా వైపు తిరిగింది.

"బావా, నాకు ఒక్కటే కావాలె."

"చెప్పు."

"నొప్పులు మొదలైన కాడ్నుంచి పాపనో బాబో పుట్టేదాకా నువ్వు నా పక్కన్నే ఉండాలె. లోపలికి ఒక్కర్నే రానిస్తరట. అమ్మ ఉంటే అమ్మ భయపడ్తది, ఆమెను జూసి నేను ఇంకా భయపడ్త. చెయ్యి పట్టుకోను నువ్వే కావాలె."

"గదేం అడుగుడు స్వప్నా? నీ పక్కన్నుంచి జరిగితే ఒట్టు."

మనస్ఫూర్తిగానే అన్నాను. ఆమె కళ్లలో భయం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. ఏమైనా సరే కదలకూడదు అనుకున్నాను. అనుకున్నానా, ఇంటికి వెళ్లగానే ఫోన్లో తయారు చేసుకున్న కళాఖండాన్ని మా ఇరువైపుల చుట్టాలున్న వాట్సాప్ గ్రూపులో పెట్టాను:

"రేపు 8:00 మందు. 10:00 నొప్పులు. 12:00 ప్రసవం. 12:30 అందరికీ చూపించడం. 1:00 భోజనాలు."

మరుక్షణం మా మామ ఫోను. ఆయన సదాశివపేటలో కందులు, పెసర్ల వ్యాపారి. గింజను పంటి కింద కొరికి తేమ ఎంతుందో చెప్పగలడు. అంతటి మనిషి నా మాట నమ్మాడంటే తప్పు ఎవరిదో మీరే ఆలోచించండి.

"అల్లుడా, పన్నెండు పక్కానా?"

"పక్కా మామా."

"పంతులు పదకొండు నలభై నుంచి పన్నెండున్నర దాకా మస్తు లగ్నం ఉన్నదన్నడు. గా లగ్నంలనే పడ్తదా?"

"నట్టనడుమ పడ్తది మామా. కంపెనీల ఏ బ్యాచైనా నా చేతుల అయిదు నిమిషాలు లేటు కాలే."

"శభాష్. అయితే వ్యాన్ మాట్లాడ్త."

మర్నాడు ఎనిమిదికల్లా ఆసుపత్రిలో ఉన్నాం. బీపీ, రక్తపరీక్ష, సంతకాలు అయ్యేసరికి తొమ్మిది. అప్పుడు గానీ మందు పెట్టలేదు. అది గర్భసంచి మూతిని మెత్తబరిచే జెల్ అట. నేను నర్సు రెహానా సిస్టర్ వెంటపడ్డాను.

"సిస్టర్, ఎనిమిదింటికన్నరు, తొమ్మిదాయె. గంట లేటు."

"అరె భయ్యా, రైలెక్కేదుందా నీకు? జెర ఆరామ్‌గ కూసో."

సిస్టర్ స్వప్న పొట్టకు ఒక బెల్టు కట్టి మిషన్ పెట్టింది. గదంతా ఒక్కసారిగా టకటక, టకటక అని చప్పుడు. లోపలి బిడ్డ గుండె! అంత చిన్న ప్రాణం అంత జోరుగా పరుగెత్తుతోంది! నేనూ స్వప్నా ఒకరి మొహం ఒకరు చూసుకుని పిచ్చివాళ్లలా నవ్వేశాం. ఆ ఒక్క నిమిషం నాకు గడియారం గుర్తు రాలేదు. తర్వాత వెంటనే వచ్చింది.

పదింటికి నొప్పులు రావాలి. రాలేదు. పదకొండుకు స్వప్న వరండాలో నడుస్తూ ఇడ్లీ తింటోంది.

"ఎట్లుంది?" అన్నాను ఆశగా.

"నడుం జెర పట్టేసినట్టుంది. ఇంకో రెండు ఇడ్లీలుంటే తెస్తవా?"

పదకొండున్నరకు వ్యాన్ వచ్చింది. అందులోంచి మా మామ, అత్తమ్మ, మేనత్తలు, బాబాయిలు, వాళ్ల పిల్లలు, వరసకు ఏమవుతారో నాకు ఇప్పటికీ తెలియని ఇద్దరు ముసలమ్మలు, బగారా అన్నం గిన్నెలు, పచ్చిపులుసు క్యాను వరుసగా దిగాయి. సెక్యూరిటీ వాడు పెళ్లి హాలు పక్క వీధిలో అని దారి చూపించాడు.

"ఎంతవరకొచ్చింది?" అన్నాడు మామ.

"ప్రాసెస్ నడుస్తుంది మామా."

పన్నెండైంది. పన్నెండుంబావు అయింది. పన్నెండూ ఇరవై రెండైంది. పదిహేను జతల కళ్లు నా మీదే.

"అల్లుడా, లగ్నం ఇంక ఎనిమిది నిమిషాలే ఉన్నది. డాక్టరమ్మకు జెర చెప్పరాదు?"

చెప్పడానికి వెళ్లాను! సిగ్గు లేకుండా ఆమె గదిలోకి వెళ్లి, గొంతు సవరించుకుని, తోటి నిపుణుడితో మాట్లాడినట్టు అడిగాను: "మేడమ్, మా కంపెనీలో రియాక్షన్ మెల్లగా నడిస్తే జెర డోసు పెంచుతం. ఇక్కడ గట్ల..."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "మీ రియాక్టర్ లోపల గుండె కొట్టుకునే బిడ్డ ఉంటదా?"

"ఉండదు మేడమ్."

"నా దగ్గర ఉంది. తొందరపెడితే నొప్పి మీద నొప్పి వస్తుంది. నొప్పికీ నొప్పికీ నడుమ బిడ్డ తేరుకోవాలి, తల్లి తేరుకోవాలి. అందుకే పెట్టి, ఆగి, చూసి, మళ్లీ పెడతాం. మూడింటికి చూస్తాను. అవసరమైతే రెండో జెల్. రేపటిదాకా పట్టొచ్చని నిన్ననే చెప్పాను కదా?"

"రేపటిదాకానా!"

"బిడ్డకు ఇబ్బంది అనిపిస్తే ఒక్క నిమిషం ఆగను, ఆపరేషన్ చేస్తాను. లగ్నం కోసం మాత్రం చెయ్యను. ఆ గేటు దగ్గర జాతర మీదేనా?"

నాదేనని ఒప్పుకున్నాను. గదికి తిరిగొచ్చేసరికి స్వప్న చేతిలో ఫోను ఉంది. గ్రూపులో నా కళాఖండం చదువుతోంది.

"ఒంటిగంటకు భోజనాలా? ఇది నా కడుపనుకున్నవా, ఫంక్షన్ హాలనుకున్నవా?"

"అదీ... అంచనా..."

"పొద్దుగాల నుంచి ఆరు సార్లు కిందికి పోయినవ్. లెక్కవెట్టిన. నా పక్కన్నుంచి జరగనంటివి?"

నేను ఏడోసారి కిందికి వెళ్లాల్సి ఉంది, చుట్టాలు అన్నం వడ్డించమంటున్నారు. ఆ సంగతి చెప్పకుండానే జారుకున్నాను. మూడింటికి డాక్టరమ్మ చూసి, మూతి ఒక వేలంత తెరుచుకుందని చెప్పి రెండో జెల్ పెట్టింది. సాయంత్రం వ్యాన్ ఖాళీ గిన్నెలతో సదాశివపేట వెళ్లిపోయింది. అత్తమ్మ మాత్రం ఉండిపోయింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది రాయదగ్గ కథ అయ్యేది కాదు. రెండో రోజు పొద్దున ఏడింటికి డాక్టరమ్మ వచ్చి, మూతి బాగా మెత్తబడిందని ఉమ్మనీటి సంచిని తెరిచి, చేతికి డ్రిప్ పెట్టించింది. రెహానా సిస్టర్ చుక్కలు సరిచేస్తూ, "ఇగ సూడు, నొప్పులు గట్టిగొస్తయి" అంది.

నేనేం చేశానో తెలుసా? మీరు తల పట్టుకుంటున్నారు, అంటే తెలిసిపోయింది. గ్రూపు తెరిచి రాశాను: "డ్రిప్ పెట్టిన్రు. ఈరోజు 12:00 గ్యారంటీ."

పదకొండున్నరకు వ్యాన్ వచ్చింది. ఈసారి పూర్ణం భక్షాలతో.

అప్పటికి పైన సంగతి పూర్తిగా మారిపోయింది. ముందురోజు ఇడ్లీలు అడిగిన మనిషి ఇప్పుడు మూడు నిమిషాలకోసారి మంచం కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకుంటోంది. నొప్పి వస్తున్నప్పుడు మాట లేదు. తగ్గినప్పుడు నా చెయ్యి వెతుక్కుంటోంది. నేను నడుం రాస్తున్నాను, నీళ్లు తాగిస్తున్నాను. నిజం చెబుతున్నాను, ఈ డ్రిప్ నొప్పులు ఇంత జోరుగా వస్తాయని ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పారులెండి, నేనే వినలేదు.

పన్నెండు దాటింది. మామ ఫోను మీద ఫోను. గేటుకు వ్యాన్ అడ్డంగా ఉందని తీయమంటున్నారనీ, ముసలమ్మలకు ఎండ తగులుతోందనీ.

"పది నిమిషాల్ల వస్త" అని స్వప్నకు చెప్పి, అత్తమ్మను కూర్చోబెట్టి దిగాను. స్వప్న నా చెయ్యిని కొంచెం ఆలస్యంగా వదిలింది.

కింద వ్యాన్ తీయించాను. ముసలమ్మలను నీడకు చేర్చాను. అప్పుడు మామ అడిగాడు, "అసలెందుకు ఇంత లేటైతుంది?" అని. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది! రెండు రోజుల్లో సగం డాక్టర్ని అయిపోయాను కదా. మొదట జెల్ ఏం చేస్తుందో, తర్వాత డ్రిప్ ఏం చేస్తుందో, మధ్యలో ఎందుకు ఆగాలో చేతులు తిప్పుతూ వివరిస్తున్నాను. పదిహేను మందీ నోరు తెరుచుకుని వింటున్నారు. కంపెనీలో నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్లే లేరు.

"కాబట్టి మామా, మొదటి కాన్పు అంటే కనీసం సాయంత్రం ఆరు దాకా..."

రెండో అంతస్తు కిటికీ తెరిచి రెహానా సిస్టర్ కేకేసింది.

"స్వప్న మొగుడెక్కడ? ఓ భయ్యా! లెక్చర్ బంద్ చేసి జల్దీ పైకి రా! బిడ్డ వస్తుంది!"

నేను మెట్లు ఎక్కానో ఎగిరానో గుర్తు లేదు. సిస్టర్ నా మీదికి ఒక పచ్చ గౌను విసిరి లోపలికి నెట్టింది, అత్తమ్మ బయటికి వచ్చింది. స్వప్న జుట్టంతా చెమటకు తడిసిపోయి ఉంది. నన్ను చూసి మొదట అన్న మాట:

"పది నిమిషాలంటివి."

నలభై ఐదు నిమిషాలైంది. చెయ్యి ఇచ్చాను. ఎముకలు విరిగేలా పట్టుకుంది. డాక్టరమ్మ "ఇంకా గట్టిగా, స్వప్నా, బాగా చేస్తున్నావ్" అంటోంది. ఏదో ఒక ధైర్యం చెప్పాలని, ఆరేళ్ల అలవాటు కొద్దీ, నా నోటి నుంచి ఈ ముత్యం రాలింది:

"అయిపాయె స్వప్నా, ఇంకో పది నిమిషాలే."

కొరికింది. అవునండీ, చేతి మీద, వాచీకి కాస్త పైన, నాలుగు పళ్లు దిగేలా కొరికింది.

"ఇంకొక్కపారి నీ నోట్లకెళ్లి టైమొస్తే సంపేస్త!"

"కరెక్ట్ చేసినవ్ బేటా" అంది రెహానా సిస్టర్.

నేను నోరు మూసుకున్నాను. ఆ రెండు రోజుల్లో నేను చేసిన మొదటి మంచి పని అదే. చెయ్యి పట్టుకుని ఆమె మొహమే చూస్తూ ఉన్నాను. ఆమె ఊపిరి బిగబడితే నేనూ బిగబట్టాను, వదిలితే నేనూ వదిలాను. ఎంతసేపో తెలియదు. ఉన్నట్టుండి గదిలో ఒక సన్నటి ఏడుపు! డాక్టరమ్మ తడితడిగా, ఎర్రగా ఉన్న ఒక కోపిష్టి పిల్లను ఎత్తి స్వప్న గుండెల మీద పెట్టింది.

"ఆడపిల్ల" అంది.

స్వప్న నవ్వుతోంది, ఏడుస్తోంది. "బావా, సూడు బావా" అంటోంది. పాప ఒక కన్ను తెరిచి, ఇంత గొడవ ఎవరు చేశారన్నట్టు నావైపే చూసింది. సంతోషం అంటే ఇంత బరువుగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. నా చెయ్యి ఇంకా స్వప్న చేతిలోనే ఉంది.

కాసేపటికి కిందికి వచ్చాను. ఎనిమిదోసారో పద్దెనిమిదోసారో. జుట్టు చెదిరిపోయి, గౌను వెనకాముందు వేసుకుని, చేతి మీద పళ్ల గాట్లతో.

"ఆడపిల్ల మామా! ఇద్దరూ మంచిగున్నరు!"

కేకలు, కౌగిలింతలు, భక్షాలు. ముసలమ్మలు నా బుగ్గలు గిల్లారు. మామ కళ్లు తుడుచుకుని, జేబులోంచి చిన్న పుస్తకం, కలం తీశాడు. జాతకం రాయించాలిగా!

"చెప్పు అల్లుడా, సరిగ్గ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు పుట్టింది?"

నేను వాచీ వైపు చూశాను. గోడ వైపు చూశాను. పదిహేను మంది వైపు చూశాను.

"సూడలే మామా."

మామ కలం గాల్లోనే ఆగిపోయింది.

"రెండు దినాల సంది పుట్టని పిల్లకు టైములు చెప్పి మమ్ముల ఎండల నిలబెడ్తివి. పుట్టినంక చెప్పాల్సిన ఒక్క టైం చెప్పరాకపాయె!"

సిస్టర్ ఫైల్లో రాసుకుంది కాబట్టి పాప జాతకం బతికిపోయింది. నా పరువు ఏ ఫైల్లోనూ లేదు.

అందుకని, చదువుతున్న మీ అందరి సాక్షిగా, ఆ పళ్లు దిగిన ఎడమ చెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఆడబిడ్డ కాన్పుకూ షెడ్యూలు వేయను. గ్రూపులో గంటలు రాయను, వ్యాన్లు పిలవను. వచ్చే వారం మా చెల్లెలికి కూడా మందు పెట్టి నొప్పులు తెప్పిస్తారట, బావగారు నిన్ననే ఫోన్ చేసి "ఎన్నింటికి పుడ్తదంటవ్?" అని అడిగాడు. ఫోను ఆపేసి లోపలికి పోయి ఆమె పక్కన కూర్చోమని చెప్పి పెట్టేశాను.