మునిరత్నం మామ గోడ మీది గళ్ల గుడ్డ

కెమెరా సంచి జిప్పు తీసినప్పుడల్లా నాకు గంజి వాసన వస్తుంది. లెన్సులు పెట్టుకునే సంచిలో గంజి వాసనేమిటని మొన్న మా ఆసుపత్రి ల్యాబులో కొత్తగా చేరిన శిరీష అడిగింది. సంచి పక్క అరలో జానెడు నూలు గుడ్డముక్క ఒకటి మడతపెట్టి ఉంటుంది. నీలం మీద తెల్లటి సన్న గళ్లు. దాన్ని నేను ఇంతవరకూ ఒక్కసారీ ఉతకలేదు. ఉతికితే గంజి పోతుంది, గంజి పోతే పోగులు కదులుతాయి, ఆ తర్వాత అది నాకు పనికిరాదు. శిరీషకు ఫోటోల పిచ్చి పట్టుకుంది. ఏ కంపెనీ కెమెరా కొనాలి, పెద్ద సెన్సరుండే ఫుల్ ఫ్రేమ్ మంచిదా, చిన్నదుండే క్రాప్ సెన్సరు చాలా అని వారం రోజులుగా నా ప్రాణం తీస్తోంది. ఆ పిల్లకు జవాబు చెప్పాలంటే మునిరత్నం మామ సంగతి చెప్పాలి. ఆయన సంగతి చెప్పాలంటే నేను చేసిన వెధవపని కూడా చెప్పాలి. అందుకే వారం రోజులు తప్పించుకున్నాను.

తిరుపతి బస్టాండుకు దగ్గరలో ఒక లాడ్జి మేడ మీద ఆయన అంగడి ఉండేది. మొదట్లో అది ఫోటో స్టూడియో. కొండ దిగి వచ్చినవాళ్లు గుండుతోనే ఉద్యోగం దరఖాస్తుకు ఫోటో తీయించుకునేవాళ్లట. మూడు నెలల తర్వాత ఫోటోకూ మొహానికీ పోలిక లేదని అదే మనిషి మళ్లీ వచ్చి గొడవ పెట్టుకునేవాడట. ఆ కథలు చెప్పేటప్పుడు మామ అసలు నవ్వేవాడు కాదు, మనమే నవ్వాలి. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక స్టూడియో మూతబడి, పాత కెమెరాలు బాగుచేసి అమ్మే అంగడిగా మారింది. అద్దాల బీరువాలో ముప్పై దాకా కెమెరాలు ఉండేవి. ఒక్కదాని మీదా కంపెనీ పేరు కనపడేది కాదు. కరెంటు పనివాళ్లు వాడే నల్లటేపు కత్తిరించి అన్ని పేర్ల మీదా అంటించేవాడు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ టేపులు చూసి దొంగసరుకేమో అనుకున్నాను. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది, పెళ్లి మాట ఎత్తినవాళ్లందరితోనూ పోట్లాడుతున్న రోజులవి. రెండు నెలలు కూర్చుని వీడియోలన్నీ చూశాను. ఏ కంపెనీ సెన్సరు ఎంత వెడల్పో, దేనికి ఎన్ని మెగాపిక్సెళ్లో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ జ్ఞానమంతా ఆయన ముందు కుమ్మరించాను. ఆయన ఒక లెన్సుకు పట్టిన బూజును దూదితో తుడుస్తూ అంతా విన్నాడు.

"ఇప్పుడు ఫోన్లో ఏం తీస్తా ఉండావు పాపా? సూపించు," అన్నాడు.

ఫోన్ ఇచ్చాను. వేలితో ఒక్కొక్కటే జరుపుతూ పది బొమ్మలు చూశాడు. వీధిలో ఆరేసిన నూలు, మగ్గం మీద మా చిన్నాయన చేతులు, టీ గ్లాసు, మళ్లీ నూలు.

"పదిట్లో ఏడు గుడ్డలే ఉండాయే. యా ఊరు మీది?"

"నగరి సార్. మగ్గాల వీధి."

"అట్ల సెప్పు. మావోళ్లూ నేతోళ్లే. మా నాయనతోనే మగ్గం పోయింది. సార్ గీర్ అనొద్దు, మామా అను సాలు."

ఆయన దగ్గర కెమెరా కొనాలంటే ఒక పరీక్ష ఉండేది. గోడకు ఒక పాత గళ్ల తువాలు బిగించి ఉండేది. మూడు కెమెరాలు చేతికిచ్చి, ఒకే చోట నిలబెట్టి, మూడింటితోనూ ఆ తువాలునే తీయించేవాడు. వాటిని కార్డు సైజులో ప్రింటు తీసి, వెనక అంకెలు వేసి, కలిపి ముందు పరిచేవాడు. ఏది బాగుందో మనం చెప్పాలి. చాలామంది తాము తిట్టిన కంపెనీనే ఎంచుకుని, టేపు ఊడదీశాక మొహం వేలాడేసుకునేవాళ్లట.

నేను క్షణం ఆలోచించలేదు. రెండోది తీసి చూపించాను. "దీంట్లో గుడ్డ ఎంత బాగా మెరుస్తోందో చూడు మామా. నీళ్ల మీద అలల మాదిరి ఉంది."

"అలలా?" అన్నాడు. "ఒకసారి లేసి పోయి గుడ్డను సూడమ్మా."

"గుడ్డను చూసేదేముంది మామా, నగరిలో పుట్టినదాన్ని," అన్నాను. టేపు తీయించాను. అది ఫుల్ ఫ్రేమ్ కెమెరా, నేను కొనాలనుకున్న కంపెనీదే. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. ఆయన మాత్రం ఒకటో నంబరును నా ముందుకు జరిపాడు. అది క్రాప్ సెన్సరుది, పాత మోడలు.

"నీ పనికి ఇది సరిపోతాది. దీని సెన్సరు ముందర పలసటి ఫిల్టరు ఉండాది. బొమ్మ రవ్వంత మెత్తగా వస్తాది గానీ గుడ్డ విషయంలో అబద్ధం సెప్పదు. కెమెరా బాడీ ఈ రోజు కొంటావు, లెన్సులు జీవితమంతా కొంటా ఉంటావు. బరువు కూడా సూసుకో, మోసేది నువ్వే గదా."

పాతసరుకు నాకు అంటగట్టాలని చూస్తున్నాడనుకున్నాను. అంత తెలివి నాది. ఆ శనివారమే చెన్నై వెళ్లి, రెండో నంబరు లాంటిదే కొత్తది కొని తెచ్చుకున్నాను. నెల తర్వాత సంచి భుజాన వేసుకుని ఆయన అంగడికి కూడా వెళ్లాను, చూపించడానికే. ఆయన కెమెరాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "మంచి వస్తువు," అన్నాడు. నిజంగానే అన్నాడు, మాటలో ఎత్తిపొడుపు లేదు. నాకే ఎందుకో ఉసూరుమంది.

మా చిన్నాయన ఏకాంబరం నగరిలో ఇప్పటికీ చేతిమగ్గమే నేస్తాడు. వీధిలో మిగతా ఇళ్లన్నీ మరమగ్గాలకు మారిపోయాయి. ఆయన సన్న గళ్ల నూలు చీరలు తిరుపతిలో ఒక బట్టల అంగడివాళ్లు తీసుకునేవాళ్లు. వాళ్లు కొత్తగా, సరుకు పంపే ముందు ఫోన్లో ఫోటోలు పెట్టమన్నారు. చిన్నాయన నన్ను పిలిచాడు. పెద్ద కెమెరా కొన్నానని వీధంతా చెప్పుకున్న మనిషి ఆయనే. ఆదివారం పోయి పది చీరలకూ ఫోటోలు తీశాను. తెరమీద గళ్ల మధ్య లేత అలలు మెరుస్తూ కనపడ్డాయి. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. ఆ ఫోటోలను అక్కడికక్కడే బట్టల అంగడికి పంపేసి, చిన్నమ్మ పెట్టిన అన్నం తిని తిరుపతి బస్సెక్కాను.

మంగళవారం చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన అన్నం తినడం లేదు పాపా," అని ఏడ్చింది. అంగడివాళ్లు సోమవారమే కబురు పెట్టారట. గుడ్డలో అలలు పడ్డాయి, పోగు బిగువు తప్పింది, పది చీరలూ వద్దు అని. నలభై ఏళ్లలో చిన్నాయన నేసిన గుడ్డను బాగాలేదని ఒక్కరూ తిప్పి పంపలేదు. ఆయన పది చీరలూ విప్పి ఎండలో పరిచి, భూతద్దం పెట్టుకుని అంగుళం అంగుళం వెతుకుతున్నాడు. తప్పు దొరకడం లేదు. దొరకకపోయేసరికి తన కళ్లే పోయాయని తేల్చుకున్నాడు. మగ్గం మీదున్న పడుగు దారాలు కోసేస్తానని, శ్రీసిటీలో ఏదైనా ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరతానని అంటున్నాడు.

ల్యాబులో అర్ధరోజు సెలవు చెప్పి మునిరత్నం మామ అంగడికి పరిగెత్తాను. ఫోటోలు చూపించాను. ఆయన చూడటానికి పెద్దగా సమయం తీసుకోలేదు.

"కెమెరాలో బొమ్మ పట్టే సెన్సరు కూడా గళ్ల గుడ్డేనమ్మా. నిలువూ అడ్డం సన్న గళ్లు. గళ్ల మీద గళ్లు పడినప్పుడు మధ్యలో లేని అలలు లేస్తాయి. రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి ఏసి సూడు, నీకే తెలుస్తాది. ఆ పొద్దు నా గోడ మీది తువాలులో నువ్వు సూసింది ఇదే. ఒకటో నంబరుకు ఫిల్టరు ఉండబట్టి దాంట్లో లేయలేదు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా మామా!" కోపం ఎవరి మీదో తెలియక ఆయన మీద అరిచాను.

"సెప్పింటే నమ్మేదానివా? సూడమని సెప్పినాను. నువ్వు లేయలేదు." ఫోన్ నా చేతికి తిరిగిస్తూ అన్నాడు. "నూలు గుడ్డకు పట్టు మెరుపు యాడనుంచి వస్తాదమ్మా? నేతోళ్ల బిడ్డవి, అది కూడా తోచలేదా నీకు?"

నేను రోజంతా మైక్రోస్కోపులో కన్ను పెట్టుకుని రక్తపుచుక్కలో తేడాలు వెతికే మనిషిని. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. అంగడి షట్టరు దించి, ఆ ఒకటో నంబరు కెమెరానూ ఒక దోమతెర ముక్కనూ సంచిలో వేసుకుని, "పద, నగరి బస్సు ఉంటాది," అన్నాడు.

బస్సు పుత్తూరు దాటింది. అప్పుడు మామ ఒక మాట అన్నాడు. "నేను సెప్పేదానికి రాలేదమ్మా. నువ్వు సెప్పాల. కెమెరా తప్పు అనొద్దు. గుడ్డను సూడకుండా పంపించినాను అని సెప్పు."

"కెమెరా తప్పే కదా మామా?"

"కెమెరాకు ఏం తెలుసు? నీకు కండ్లుండాయి గదా."

మేం వెళ్లేసరికి చిన్నాయన నడవలో చీరల మధ్య కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. మగ్గం పక్కన కత్తెర ఉంది, పడుగు ఇంకా కోయలేదు. మునిరత్నం మామను పరిచయం చేస్తే తలూపాడంతే. నేను నిలబడే చెప్పాను. అలలు గుడ్డలో లేవు, ఫోటోలో మాత్రమే ఉన్నాయి, నేను గుడ్డకేసి చూడకుండా పంపేశాను, తప్పు నాది చిన్నాయనా, అన్నాను.

ఆయన నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"రెండు దినాలుగా నా సేతుల్నే తిడతా ఉండాను కదమ్మా," అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నాకు అరగలేదు. మునిరత్నం మామ అప్పుడు లేచి, దోమతెర ముక్కను రెండు మడతలు చేసి గుమ్మం వెలుతురులో పట్టుకుని నెమ్మదిగా కదిపాడు. అలలు లేచాయి. చిన్నాయన దగ్గరికొచ్చి చూశాడు. ఆ తెరను తన చేతిలోకి తీసుకుని తానే కదిపాడు. "ఓసి దీని దుంపతెగ! పలసటి గుడ్డ మడతేసేటప్పుడు రోజూ సూసేదే గదప్పా ఇది," అన్నాడు. ఆ తర్వాత ఆ పాత కెమెరాతో అవే చీరలను తీసి ఆయనకు చూపించాను. ఆయన ఫోటోను, చీరను, మళ్లీ ఫోటోను చూసి, చిన్నమ్మను అన్నం పెట్టమన్నాడు. కత్తెర ఆమె తీసి లోపల పెట్టేసింది.

తిరిగొచ్చేటప్పుడు మామ ఒక చీరను తన సంచిలో పెట్టుకుని, మర్నాడు తానే ఆ బట్టల అంగడికి తీసుకెళ్లి, వాళ్ల చేతిలో పెట్టి చూడమన్నాడు. చేతిలోకి వచ్చాక వాళ్లకూ అలలు కనపడలేదు. పది చీరలూ తీసుకున్నారు. ఆ రోజు నగరిలో మేం బస్సుకు బయల్దేరుతుంటే, తువాలు పరీక్ష సంగతి నా నోట విన్న చిన్నాయన పాత పడుగు చివర మిగిలిన గళ్లముక్క ఒకటి తెచ్చి ఆయనకిచ్చాడు. "నీ గోడకు పెట్టుకోప్పా, నీ తువాలు కంటే ఇది సన్నం," అన్నాడు. ఆ మాటలో ఆయన పాత గర్వం రవ్వంత తిరిగొచ్చింది. మునిరత్నం మామ ఆ ముక్కనే గోడకు బిగించాడు. ఆ తర్వాత కెమెరా కొనడానికి వచ్చినవాళ్లందరికీ పరీక్ష దానితోనే.

నా కెమెరాను నేను అమ్మలేదు. అమ్మమని ఆయన కూడా అనలేదు. అలలు లేవకుండా దూరం మార్చి, కోణం మార్చి దానితోనే గుడ్డలు తీయడం ఆయన దగ్గర నేర్చుకున్నాను. కొండవాలులో పిట్టలకూ, చీకటి పడే వేళ మొహాలకూ అంత మంచి కెమెరా మరొకటి లేదని ఆయనే అనేవాడు. పోయిన ఏడాది ఆయన గుండెపోటుతో పోయాడు. అంగడి ఖాళీ చేసేటప్పుడు వాళ్లావిడ కబురు పెడితే వెళ్లాను. ఏం కావాలో తీసుకోమంది. బీరువాలో అప్పటికీ మంచి లెన్సులు ఉన్నాయి. నేను గోడ మీది గుడ్డముక్క అడిగితే ఆమె వింతగా చూసింది. ఆయనను తలుచుకుంటే నాకు దుఃఖం కంటే ముందు సిగ్గు వస్తుంది, సిగ్గు తర్వాత చాలా ప్రేమ వస్తుంది.

శిరీషకు నిన్న ఇదంతా చెప్పాను. చెప్పి, ఆ ముక్కను ల్యాబు గోడకు అంటించి, నా కెమెరాతో ఒకటి, తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చిన మరో రెండు కెమెరాలతో రెండు తీయించాను. పేర్ల మీద ప్లాస్టర్ అంటించాను, ఆసుపత్రిలో దానికి కొదవలేదు. ఏ కంపెనీయో ఇంకా తేల్చుకోలేదు గానీ, ఆ పిల్ల ఫోటోలు ముట్టుకోకముందే లేచి గోడ దగ్గరికి వెళ్లింది. నాకంటే నయం.

చిన్నాయన ఇంకా నేస్తున్నాడు. చీరలకు ఫోటోలు ఇప్పటికీ నేనే తీస్తాను. ఆనాటి సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. కాని నేను ఫోటో పంపబోయే ముందు ప్రతిసారీ, మగ్గం మీంచి తల ఎత్తకుండానే, "గుడ్డను సూసినావా అమ్మా?" అని అడుగుతాడు. అది అలవాటో, ఆ రెండు రోజులు ఇంకా మనసులో ఉన్నాయో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. ఫోన్ పక్కన పెట్టి, చీర అంచు పట్టుకుని, గుమ్మం వెలుతురులో ఈ కొస నుంచి ఆ కొసదాకా చూస్తాను. "చూసినాను చిన్నాయనా," అని చెప్పాకే పంపుతాను.