బావ లారీ అద్దం

మొన్న ఆదివారం జగ్గయ్యపేటలో అక్క వాళ్ళింటికి వెళ్ళి, పెరట్లో కుళాయి దగ్గర మొహం కడుక్కుని తలెత్తితే, గోడకి తగిలించిన అద్దంలో నా వెనకున్నదంతా కనిపించింది. దండెం మీద దుప్పట్లు, గేటు, గేటవతల రోడ్డు మీద పోతున్న ఆటో కూడా. మొహం చూసుకునే అద్దం కాదది. లారీకి డ్రైవరు తలుపు పక్కన బిగించే నిలువుటద్దం. అందులో నా మొహం చిన్నదై, ఎవరో దూరం నుంచి వస్తున్నట్టు ఉంటుంది. జడ సరిచేసుకోవడానికి కూడా పనికిరాదు. ఇంట్లో ఇంకో అద్దం లేనట్టు దీన్నిక్కడ తగిలించారేంటే అని అక్కని అడగబోయి ఊరుకున్నాను. ఒకప్పుడు దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఎండలో నిలబడ్డదాన్ని నేనే.

మా బావ లారీ డ్రైవరు. సొంత లారీకి సొంత డ్రైవరు. పేట చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో సిమెంటు లోడెత్తి, సగం జీవితం హైవే మీదే గడిపిన మనిషి. ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా ఇంట్లో ఉన్నట్టుండేవాడు కాదు. అన్నం తింటుంటే పీట కింద ఎడమకాలు క్లచ్చు తొక్కుతూ ఉండేది. చర్చిలో పాస్టరుగారు ప్రసంగం సాగదీస్తే కుడికాలు బ్రేకు వెతుక్కునేది. నేను నందిగామ స్కూల్లో టీచర్ని, పిల్లల కాళ్ళు బెంచీ కింద ఊగితే కసురుతాను. బావని మాత్రం ఎవరూ కసరలేకపోయేవాళ్ళం.

అలాంటి మనిషి ఒకనాడు కీసర టోల్‌గేటు దగ్గర టీ తాగుతూ, గ్లాసు చేతిలో ఉండగానే నిలువునా పడిపోయాడు. బెజవాడ డాక్టరు ఫిట్స్ అన్నాడు. బిళ్ళలు రాశాడు. ఇకమీదట ఏ బండీ నడపకూడదన్నాడు. అన్నిసార్లూ కింద పడక్కర్లేదట. ఒక్కోసారి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉంటాడు, కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ కాసేపు మనిషి మాత్రం ఉండడు, తర్వాత ఆయనకే ఆ సంగతి తెలీదు అని చెప్పాడు. బావ వింటున్నంతసేపూ తల ఊపి, బయటికి రాగానే "ఎండదెబ్బకి ఇంత కథ చెప్తాడేంటి ఈయన" అన్నాడు.

లారీ ఇంటి పక్క ఖాళీ స్థలంలో నిలబడిపోయింది. తాళం అక్క దగ్గర. రోజూ పొద్దున్నే బ్యాటరీ డౌనవకుండా ఇంజను తిప్పుతానని బావ తాళం తీసుకునేవాడు. ఇంజను ఆగేదాకా అక్క చెయ్యి చాపి తలుపు కింద నిలబడేది. తర్వాత బావ నడక మొదలుపెట్టేవాడు. ఊరి బయట హైవే దాకా పోవడం, పోయే లారీల్ని చూడటం, ఇంటికి రావడం, చెప్పులు విప్పకుండానే మళ్ళీ బయల్దేరడం. కాలుగాలిన పిల్లి నయం. మధ్యాహ్నం పడుకుంటే మంచం కిర్రుకిర్రుమనేది. "ఇంజను లేకపోయినా ఈయన ఆగట్లేదే" అని అక్క ఫోన్లో ఏడ్చింది.

మా తమ్ముడికి నందిగామలో ఇన్వర్టర్ బ్యాటరీల కొట్టుంది. వాడికో పిచ్చి ఉంది. రిమోటుతో నడిచే బుల్లి బగ్గీలు. చెప్పుల పెట్టె కన్నా కాస్త పెద్దవి, బ్యాటరీ మీద కందిరీగల్లా రొద చేస్తూ మట్టిలో దూసుకుపోతాయి. నందిగామకీ కంచికచర్లకీ మధ్య హైవే పక్కన ఒక వెంచరుంది. ప్లాట్లు వేసి, రాళ్ళు పాతి, పెద్ద స్వాగత ద్వారం కట్టి, కొనేవాళ్ళు రాక వదిలేశారు. అందులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని అడిగి పుచ్చుకుని, మట్టి దిబ్బలు పోసి, డ్రిప్పు పైపులతో అంచులు కట్టి, వీడూ వీడిలాంటి నలుగురూ ఆదివారాలు పందేలు పెట్టుకుంటారు. వాళ్ళలో ఎవరికీ నలభైకి తక్కువ లేవు. అక్క ప్రాణానికి ఒక్కపూటైనా తెరిపి దొరుకుతుందని తమ్ముడు బావని అక్కడికి తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఆదివారం చర్చి అయ్యాక కడుపులో చల్ల కదలకుండా ఇంట్లో కూర్చోవడం నాకూ చాతకాదు.

ఈ ఆటలో నడపడం పావలా వంతు, బండిని సరిచెయ్యడం ముప్పావలా వంతు అంటాడు తమ్ముడు. స్ప్రింగులు మార్చాలి, షాక్ అబ్జార్బర్లలో నూనె పల్చన చెయ్యాలో చిక్కన చెయ్యాలో చూడాలి, నల్లమట్టి తడిగా ఉంటే ఒకరకం ముళ్ళ టైర్లు, ఎండి దుమ్ము లేస్తే ఇంకోరకం. ఇదంతా బావకి తెగ నచ్చింది. మొదటివారమే బగ్గీని తిరగేసి, పొట్ట నొక్కి చూసి తీర్పు చెప్పేశాడు.

"ఖాళీ బండిరా ఇది. అందుకే గెంతుద్ది. లోడు పడితే నేల కరుచుకుని పోద్ది."

వద్దంటున్నా వినకుండా తడిఇసుక పాలిథీన్ సంచిలో మూటగట్టి బగ్గీ వెనక కట్టాడు. అది అరచుట్టు ఈడ్చుకుంటూ పోయి, మోటారు కమురు వాసన కొట్టి ఆగిపోయింది. తమ్ముడి మొహం చూడలేకపోయాం. ఆ తర్వాతి వారం అక్క కూడా వచ్చింది. బావ కొత్త బండికి చేసినట్టే చక్రం ముందు నిమ్మకాయ పెట్టాడు. ప్రార్థన మనకి, నిమ్మకాయ బండికి అని ఆయన సిద్ధాంతం, పాస్టరుగారికీ తెలుసు. బగ్గీ నిమ్మకాయని తొక్కలేక దానిమీదికెక్కి వెల్లకిలా పడింది. ఎరువుల కొట్టాయన, అందరికన్నా ఖరీదైన బగ్గీ ఉన్నాయన, "మీ బండిని నిమ్మకాయే ఓడించిందండీ" అన్నాడు. అక్క అన్నాళ్ళకి నవ్వింది.

అసలు చిక్కు వేరే ఉంది. బగ్గీ మనకి దూరంగా పోతున్నప్పుడు రిమోటు చక్రం కుడికి తిప్పితే కుడికే పోతుంది. ఎదురుగా మనవైపు వస్తున్నప్పుడు దాని కుడి మనకి ఎడమ. నేర్చుకునేవాళ్ళంతా కొన్నాళ్ళు తికమకపడి అలవాటు చేసుకుంటారు. బావకి అలవాటు కాలేదు. "బళ్ళో కూర్చుంటే కుడి కుడే గదా. బయట నిలబడితే ఎడమెట్టా అయిద్దిరా?" అని వాదన. బండి ఎదురొచ్చిన ప్రతిసారీ పైపుల మీదికెక్కించేవాడు. చివరికొక ఆదివారం సంచిలోంచి లారీ అద్దం తీశాడు. బగ్గీలు నడిపేవాళ్ళు ఎక్కి నిలబడే చెక్కస్టాండు మీద, ట్రాకుకి వీపు పెట్టి నిలబడి, నన్ను ఎదురుగా అద్దం పట్టుకోమన్నాడు. వెనకనుంచి వస్తున్న బగ్గీని అద్దంలో చూస్తూ చక్రం తిప్పాడు. అద్దంలో కుడి కుడిలాగే ఉంది. బగ్గీ గీత గీసినట్టు వచ్చింది. అది దూరంగా పోతుంటే గిర్రున ట్రాకు వైపు తిరిగేవాడు, ఎదురొస్తుంటే గిర్రున నావైపు తిరిగేవాడు.

"రూల్సులో అద్దం లేదండీ" అన్నాడు ఎరువుల కొట్టాయన.

"వద్దని కూడా లేదుగదండీ" అన్నాడు తమ్ముడు.

అలా అద్దం పట్టడం నా ఉద్యోగమైంది. బావ బాగుపడ్డాడు. వారమంతా వరండాలో స్క్రూడ్రైవరు పుచ్చుకుని తమ్ముడిచ్చిన బగ్గీ ముందు కూర్చునేవాడు. "కూర్చున్నాడే! పొద్దుట్నుంచీ ఒకేచోట కూర్చున్నాడే!" అని అక్క ఫోను చేసి చెప్పింది, పిల్లకి జ్వరం తగ్గినంత సంబరంగా.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. చెయ్యి తిరిగేకొద్దీ బావ చూపు మళ్ళీ లారీ మీదికి పోయింది. ట్రాకు మీద ఉన్నా, హైవే మీద లోడు లారీ గేరు మార్చిన శబ్దానికి తల అటు తిరిగేది. ఒకరోజు అక్కతో బేరం పెట్టాడు. "బిళ్ళలు మింగుతున్నా. ఇన్నాళ్ళూ ఏం రాలేదు. ఇంత బుల్లిబండిని తిప్పే చెయ్యి పెద్దబండిని తిప్పలేదా? వచ్చే రేసులో ఆఖరిదాకా బోల్తా కొట్టకుండా, దారి తప్పకుండా నడిపిస్తా. నడిపిస్తే తాళం నాకిచ్చెయ్." అక్క సరే అంది. నిమ్మకాయ మీద బోల్తా పడ్డ బండినే ఆమె చూసింది, అద్దం వచ్చాక ఆయన ఎంత బాగా నడుపుతున్నాడో ఆమెకి తెలీదు. నేను ఫోన్లో ఒంటికాలి మీద లేచాను.

"రోజూ కాదనలేక చస్తున్నానే" అంది. "ఒక్కసారి సరేననేసి నిద్రపోదామనిపించింది."

ఆ వారమంతా నాకూ నిద్రలేదు. తమ్ముడు రేసుకి ముందురోజు సాయంత్రం బావ బగ్గీ ముందు చక్రాల్ని కాస్త వంకర చేశాడు, రేసులో జారి తిరగబడేలాగ. మళ్ళీ సరిచేశాడు. మళ్ళీ వంకర చేశాడు. చివరికి సరిగ్గానే బిగించి, "తప్పుగా కట్టిన బండిని ట్రాకు మీద పెట్టడం నా వల్ల కాదక్కా" అన్నాడు. నేను దేవుడికి పెట్టుకున్న ప్రార్థన కూడా అలాగే ఉంది. బావ గెలవాలి, తాళం మాత్రం రాకూడదు.

రేసు రోజున అక్క వచ్చి, గెలిచినా ఓడినా నేను చూడనని ట్రాకుకి వీపు పెట్టి, స్టాండు పక్కన షామియానా నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చెప్పులు విప్పి కూర్చుంది. పొడుగు దారి ఎదురుగా వచ్చి మలుపు తిరిగేది ఆమె కుర్చీకి కాస్త ఇవతలే. ఆ రోజు బావ ఎలా నడిపాడంటే నేను అద్దం పట్టుకున్న సంగతి కూడా మర్చిపోయాను. దిబ్బల మీద బగ్గీ ఎగిరి నాలుగు చక్రాల మీదా దిగుతోంది. ఎరువుల కొట్టాయన రెండుసార్లు బోల్తా కొట్టి వెనకబడ్డాడు. బావ నావైపు తిరిగిన ప్రతిసారీ ఆయన మొహం చూశాను. పడిపోయినప్పటినుంచీ కనిపించని మొహం, లారీ దిగుతూ అక్కని పిలిచేటప్పటి మొహం. అది మళ్ళీ చూస్తానని అనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. ఇచ్చెయ్యవే తాళం, ఏమైతే అదవుతుంది అని కూడా అనిపించింది.

ఆఖరి చుట్టు. గోల విని అక్క ఉండబట్టలేక కుర్చీలోంచి లేచి, చెప్పుల్లేకుండానే ట్రాకు పక్కన కట్టిన తాడు దాకా వెళ్ళి నిలబడింది. బగ్గీ ఎదురుగా పొడుగు దారిలోకొచ్చింది. బావ గిర్రున నావైపు తిరిగాడు. కళ్ళు అద్దం మీదే ఉన్నాయి. పెదాలు ఏదో నములుతున్నట్టు కదిలాయి. రిమోటు చక్రం మీంచి కుడిచెయ్యి మెల్లగా జారిపోయింది. స్పీడు మీట నొక్కిన వేలు మాత్రం నొక్కినట్టే ఉంది.

"బావా" అన్నాను. పలకలేదు. "బావా!" అని అరిచాను. ఆయన భుజం వెనక ప్లాస్టిక్ విరిగిన చప్పుడైంది.

తర్వాత ఆయన పెదాలు తుడుచుకుని, అద్దంలోకి చూసి, "బండేదీ?" అన్నాడు.

తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. "సిగ్నల్ పోయింది బావా. నీ తప్పేం లేదు." వాడు అబద్ధమాడలేదు, అలాగే అనుకున్నాడు. అందరూ అలాగే అనుకున్నారు. ఎరువుల కొట్టాయన మంచి మనసుతో, "యంత్రం తప్పుకి మనిషినేం చేస్తామండీ, గెలిచినట్టే లెక్క" అన్నాడు. బావ వాళ్ళ మాటలు వింటూ నావైపే చూశాడు.

"నువ్వు నా మొహమే చూస్తన్నావు గదా. ఏమైంది?"

సిగ్నల్ పోయిందంటే సరిపోయేది. నాతోపాటు చూసినవాళ్ళెవరూ లేరు. అద్దాన్ని కిందికి దించాను.

"కాసేపు నువ్వు లేవు బావా" అన్నాను.

"ఎంతసేపు?"

"నిన్ను రెండుసార్లు పిలిచినంతసేపు."

ఆయన హైవే వైపు చూశాడు. లోడుతో ఉన్న లారీ ఆ కాసేపట్లో ఎంతదూరం పోతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. స్టాండు దిగి షామియానా దగ్గరికెళ్ళాడు. కుర్చీ వెనక కాలు విరిగి ఒరిగిపోయింది. దానికింద, అక్క చెప్పులు రెంటికీ మధ్య, బగ్గీ వెల్లకిలా పడి చక్రాలు తిప్పుతోంది.

"ఇందులో ఎవరు కూర్చున్నారు?"

"నేనే" అంది అక్క తాడు దగ్గర్నుంచి. "లేచానుగా."

బావ బగ్గీని ముట్టుకోలేదు. వంగి ఆ చెప్పులు రెండూ తీసి, దుమ్ము దులిపి, తీసుకెళ్ళి అక్క కాళ్ళ ముందు పెట్టాడు. అంతమందిలో అక్క సిగ్గుతో చచ్చిపోయింది. మర్నాడు పొద్దున అలవాటు చొప్పున ఆమె తాళం పట్టుకెళ్ళి ఇవ్వబోతే, "నీ దగ్గరే ఉండనియ్యి" అన్నాడట. లారీ అమ్మేశారు. అద్దమేదని కొన్నవాళ్ళు అడిగితే పగిలిపోయిందన్నాడట.

ఆదివారాలు ఇప్పటికీ బగ్గీ నడుపుతున్నాడు. ఆయన కాలు ఇప్పటికీ ఆగదు, అన్నం దగ్గర క్లచ్చు తొక్కుతూనే ఉంది. కాకపోతే రిమోటు పట్టుకునే ముందు ట్రాకు చుట్టూ ఒకసారి తిరిగి, కుర్చీలన్నీ వెనక్కి తీయించి గానీ మొదలుపెట్టడు. మొన్న నేను అద్దం ముందు నిలబడి ఉండగా వెనకనుంచి వచ్చాడు. అద్దంలో చిన్నగా, దూరంగా కనిపించి, "ఏం చూస్తన్నావు?" అన్నాడు. ఏం లేదు బావా అన్నాను. ఆ కాసేపు ఆయన జ్ఞాపకంలో ఎక్కడా లేదు. అద్దం పట్టుకుని నిలబడ్డ నాకు మాత్రం ఆ కాసేపు ఇంకా పూర్తికాలేదు.