మామ చెవుల్లో దూది

పోయిన నెల మా మేనమామ చనిపోయాడు. తాండూరు నుంచి వదిన, అంటే మామ కూతురు, మూడుసార్లు ఫోన్ చేసింది. నేను ఫోన్ ఎత్తను, అది ఇంట్లో అందరికీ తెలుసు. నాలుగోసారికి మెసేజ్ పెట్టింది. "నాయిన పోయిండు. జల్ది రా." అప్పుడు నేను వికారాబాద్‌లో మా ఆఫీసులో పాత భూమి నక్షాకు కాపీ గీస్తున్నాను. చేతిలో ఉన్న గీతను చివరిదాకా గీసి లేచాను. ఈ మాట చదివి నాకు గుండె లేదనుకునేవాళ్లు ఉంటారు. మామ మాత్రం అనుకోడు. గీత మధ్యలో వదిలేస్తే ఆ రోజు నేను రైలు కూడా ఎక్కలేనని ఆయనకు తెలుసు.

మామ బండల పాలిష్ యూనిట్‌లో ముప్పై ఏళ్లు పని చేశాడు. టేపు పట్టి బండ కొలవడం, దాని మీద సుద్దముక్కతో అంకె రాయడం ఆయన పని. ఎప్పుడు చూసినా రెండు చెవుల్లో దూది. "శవానికి పెట్టే దూది బతికుండంగనే పెట్టుకున్నవేందే?" అని వాడకట్టులో వాళ్లు నవ్వేవాళ్లు. మిషన్ల మోత పడక పెట్టుకుంటున్నాడని కొందరు అనుకునేవాళ్లు. అదీ తప్పే. "మిషిన్ పొద్దుగాల మొదలైతది, పొద్దుమూకి బందయితది. దానితోని ఫికర్ లేదు. మనుషుల చప్పుడే ఎప్పుడు మీద పడ్తదో తెల్వది" అనేవాడు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఇంట్లో ఏదో ఫంక్షన్ జరుగుతుంటే వెళ్లి మంచం కింద దూరాను. మైకు పెట్టారు. అమ్మ కాలు పట్టి లాగింది, బతిమాలింది, చివరికి కొట్టింది. మామ వచ్చి మంచం పక్కన నేల మీద, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. కాసేపయ్యాక చెయ్యి వెనక్కి చాపి ఒక రాయి జరిపాడు. బొటనవేలంత నీలం బండ ముక్క. దాన్ని తనే పాలిష్ పట్టించాడు. "దీన్ని రుద్దుకుంట ఉండు బిడ్డ. చెయ్యికి పని దొరికితే తల జర నిమ్మలమైతది." ఇప్పటికీ అది నా బ్యాగులో ఉంది. ఒక పక్క అరిగి పల్లమైంది.

ఆయన పద్ధతులు ఆయనవి. కొత్త చొక్కా కొంటే ముందు బ్లేడుతో మెడ దగ్గరి లేబుల్ తీసేసేవాడు. రొట్టెకు పప్పు తగలకూడదు, రెండు పళ్లేలు కావాలి. అత్త బతికున్నన్నాళ్లూ ఆ రెండో పళ్లెం కడుగుతూ గొణిగేది. ఎవరి పెళ్లికైనా పోవాల్సి వస్తే ముందురోజే ఫంక్షన్ హాలుకు వెళ్లి, ఖాళీగా ఉన్నప్పుడు తలుపులెక్కడున్నాయో, స్పీకర్లెక్కడ పెడతారో చూసి వచ్చేవాడు. నాకూ అదే నేర్పాడు. గుంపులో నాకు మాట ఆగిపోతుందని తెలిసి చీటీలు రాసి పెట్టుకోమన్నాడు. "ముందుగాలనే రాయి. అవసరం పడ్డనాడు చెయ్యి గూడ ఆడదు" అన్నాడు. నేను మూడు రాసుకున్నాను: నాకు కాసేపు మాట రాదు. నీళ్లు కావాలి. నేను ఇంటికి పోతాను. ఆ మూడు చీటీలు నా దగ్గర ఎప్పుడూ ఉంటాయి.

నలభై రెండేళ్లకు నాకు ఆటిజం అని తేలింది. చిన్నప్పుడు నన్ను దగ్గరగా చూసినవాళ్లలో ఒకరిని తీసుకురమ్మని హైదరాబాద్‌లో డాక్టరమ్మ అడిగారు. అమ్మ అప్పటికి లేదు. మామ వచ్చాడు. చప్పుడైతే చెవులు మూసుకునేదా అని ఆమె అడిగారు. "మూసుకుంటుండె. ఇప్పటికి గూడ మూసుకుంట." ఒకే రకం తిండి అడిగేదా? "ఇప్పటికి గదే తింట." ఆమె పెన్ను కింద పెట్టి, "మీరు ఎవరి గురించి చెబుతున్నారు?" అన్నారు. మామ చెవిలో దూది సరిచేసుకున్నాడు. "ఇద్దరి గురించమ్మా" అన్నాడు.

రెండు నెలల తర్వాత ఆయనకూ అదే మాట రాసిచ్చారు. అప్పటికి ఆయనకు అరవై ఆరు. ఆ కాగితాన్ని మడిచి డబ్బాలో పెట్టాడు, ఎవరికీ చూపించలేదు. నేను ఆయనకు చప్పుడు ఆపే హెడ్‌ఫోన్లు కొనిచ్చాను. వాటిని పెట్టుకుని ఇంటి ముందు బండ మీద కూర్చున్నాడు. ఎదురుగా యూనిట్, రోడ్డు మీద లారీలు. కాసేపటికి తీసి, "గిన్ని దినాలు గిది యాడుండె?" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

ఏడ్చింది దేనికో నాకు తెలుసు. వదిన పెళ్లిలో మగపెళ్లివాళ్లు బ్యాండు పెట్టి పటాకలు కాలిస్తే మామ లేచి వెళ్లిపోయాడు. అల్లుడి కాళ్లు కడగాల్సిన వేళకు తండ్రి లేడు. వెతికితే యూనిట్ వెనక, బండల దొంతుల మధ్య తల మోకాళ్లలో పెట్టుకుని కనిపించాడు. చుట్టాలు పొగరన్నారు. వదిన చాలా ఏళ్లు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. "దీని పేరు ముందుగాల తెలిస్తే నా బిడ్డకు చెప్పుకుంటుంటి. ఇప్పుడు చెప్తే సాకు చెప్పినట్టుంటది" అన్నాడు. తర్వాత నన్ను ఒకటి అడిగాడు. "నేను పోయిననాడు డప్పులొద్దు, పటాకలొద్దు. కొట్టేటోళ్లది తప్పు గాదు, నా చెవులే గిట్లయినయి. నాకు చెప్పొస్తలేదు, నువ్వు చెప్పాలె." సరేనన్నాను. దానికీ ఒక చీటీ రాసుకోవాలనుకున్నాను, రాయలేదు. రాస్తే మామ పోతాడని ఒప్పుకున్నట్టే అనిపించింది.

తాండూరులో రైలు దిగి ఇంటికి చేరేసరికి వాకిలి నిండా జనం. వదిన నా రెండు చేతులు పట్టుకుంది. "మా నాయిన జన్మంత మూలకు కూసున్నడు. ఇయ్యాలనన్న ఊరంత చూడాలె. పది డప్పులు చెప్పిన" అంది. ఆమె గొంతులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. నేను నోరు తెరిచాను. మాట లేదు. బ్యాగు తెరిస్తే మూడు చీటీలున్నాయి, నాలుగోది లేదు. పెన్ను తీశాను. ఆయన చెప్పినట్టే చెయ్యి ఆడలేదు. వదిన నన్ను హత్తుకుని, "ఏడువు, ఏడువు" అంది.

లోపల ఒక పెద్దాయన మామ చెవుల్లో దూది పెట్టాడు. మొదటిసారి ఎవరూ నవ్వలేదు. ఆయన పెట్టింది చిన్న పోగు, వదులుగా. వదులుగా పెడితే పెట్టనట్టే అని మామ ఎన్నిసార్లు చెప్పాడో. నేను దగ్గర కూర్చుని దాన్ని తీసి, కొత్త దూదిని గట్టిగా పురి తిప్పి రెండు చెవుల్లోనూ నిండా పెట్టాను. చేతకానిది చేతకాలేదు, ఇదొక్కటే చేయగలిగాను. అంతలో బయట డప్పులు మొదలయ్యాయి. మామ హెడ్‌ఫోన్లు మేకుకు వేలాడుతున్నాయి. చెప్పడానికి సిగ్గుగా ఉంది, వాటిని తీసి నేను పెట్టుకున్నాను. గడపలో నిలబడి చూస్తుంటే చప్పుడు లేకుండా కర్రలు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఆయన అడిగినట్టు ఆ సాగనంపడం నాకొక్కదానికే జరిగింది.

మూడో రోజు చుట్టాలు పల్చబడ్డాక అంతా ఒక కాగితం మీద రాసి, డబ్బాలోని మామ కాగితంతో కలిపి వదినకిచ్చాను. రెండుసార్లు చదివింది. "పెండ్లినాడు గూడ గందుకేనా?" అంది. తల ఊపాను. "నువ్వొక్క చీటి రాస్తే అయిపోతుండె గద" అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

తర్వాత వదిన లేచి మేకుకున్న హెడ్‌ఫోన్లు తీసుకుని, బయటికి వెళ్లి మామ కూర్చునే బండ మీద కూర్చుని వాటిని పెట్టుకుంది. ఎదురుగా యూనిట్‌లో బండలు కోస్తున్నారు. లోపలి నుంచి వాళ్ల అబ్బాయి అన్నానికి పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఆమె తల తిప్పలేదు.