తలుపు దగ్గర సమతాస్థితి

ఆ కాలంలో మాకు తెలియనిది తెలిసినట్టు కనిపించడమే సగం ఉద్యోగం. ఆదోనిలో చదువు ముగించి, ఎమ్మిగనూరు బడిలో తాత్కాలికంగా సైన్సు అయ్యవారిగా చేరిన కొత్తలో నా మీసాలు పల్చన, రసాయనశాస్త్రం అంతకంటే పల్చన. తనిఖీ అధికారి వచ్చి నా పాఠం మెచ్చుకుంటేనే ఉద్యోగం ఖాయం. నా వంతుకు వచ్చిన పాఠం ద్విగత చర్యలు. ముందుకు సాగే చర్య వెనక్కీ సాగుతుందట, రెండింటి వేగమూ సమానమైతే అది సమతాస్థితి అట. అక్కడితో చర్య ఆగిపోతుందనే నేను నమ్మేవాణ్ణి.

బడిలో రసాయనాలు లేవు (పటిక ముక్క ఒకటి ఉండేది గానీ, దాన్ని పెద్దయ్యవారు గడ్డం గీసుకున్నాక రుద్దుకునేవారు). అందుకని పిల్లల్నే పదార్థాలు చేశాను. ఒక పెద్ద గది, పక్కన చిన్న గది, మధ్య ఒకటే తలుపు. అందరినీ చిన్న గదిలో నిలబెట్టి, "బుద్ధి పుడితే అవతలికి పోండి, మళ్లీ పుడితే ఇవతలికి రండి" అన్నాను. మొదట అందరూ పెద్ద గదిలోకే ఉరికారు. కాసేపటికి కొందరు తిరిగి రాసాగారు. ఇంకాసేపటికి వెళ్లేవాళ్లు ఎందరో వచ్చేవాళ్లూ అందరే అయ్యారు. పెద్ద గదిలో ఎక్కువ మంది, చిన్న గదిలో తక్కువ మంది. పిల్లలు కదులుతూనే ఉన్నారు, ఆ లెక్క మాత్రం కదలడం లేదు. కిటికీ ఎండలో దుమ్ము మెల్లగా తేలుతోంది, వీధిలోంచి మగ్గాల చప్పుడు నిద్ర వచ్చేటట్టు వినిపిస్తోంది. 'అయితే ఏదీ ఆగదన్నమాట' అని నాకు అప్పుడే తోచింది. ఆ తోచిన మైకంలో పిల్లల్ని ఆపడం మరిచిపోయాను.

సరిగ్గా అప్పుడే పెద్దయ్యవారు అధికారిని వెంటబెట్టుకుని వచ్చారు. అధికారి గడపలో కాలు పెట్టడమే ఆలస్యం, పిల్లల వరద ఆయన్ని అవతలి గదిలోకి తీసుకుపోయి, తలపాగా చంకలో ఉండగా మళ్లీ ఇవతలికి తెచ్చి వదిలింది.

"ఏందప్పా ఇది, ఎప్పుడు నిలుస్తాది?" అన్నారు పెద్దయ్యవారు. బొంగరం అని మేం పిలుచుకునే పిల్లవాడు రొప్పుతూనే జవాబిచ్చాడు. "నిలవదు సార్. పొయ్యేటోళ్లు పోతాండారు, వచ్చేటోళ్లు వస్తాండారు. యాడ ఎంతమంది ఉండాల్నో అంతమందే ఉండారు."

అధికారి తలపాగా మెల్లగా చుట్టుకోసాగారు. నా ఉద్యోగం ఆ చుట్లలోనే తిరుగుతోందనిపించింది.

"నేను చదివేటప్పుడు ఆడికి నిలిచిపోతాదనే రాసినానప్పా," అన్నారు చివరికి. "మార్కులు గూడా వేసినారు."

ఉద్యోగం ఖాయమైంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు, మంచి పరికరాలతో, అదే పాఠం చెప్పాను. మళ్లీ ఎప్పుడూ నాకు అంత బాగా అర్థం కాలేదు. నోరు తెరుచుకుని పిల్లల మధ్య నిలబడిపోయిన అప్పటి నన్ను, ఆ సన్నటి కుర్రాణ్ణి, ఎవరైనా భుజం తట్టి లేపి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. అంతలోనే, వద్దులే, ఇంకాసేపు చూడనీ అనిపిస్తుంది.