మండవల్లిలో మందు రాయని డాక్టరు

పీహెచ్‌డీ చేసినవాళ్ళకి దారులు బోలెడుంటాయని పేపర్లలో చదువుతుంటాను. మా మనవరాలు కరుణ చేపల మొప్పలకు వచ్చే జబ్బుల మీద పరిశోధన ముగించి, ఏలూరులో నా దగ్గరికి వచ్చాక చూస్తే రెండే తేలాయి. ఒకటి తాడేపల్లిగూడెంలో ఓ ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం. రెండోది మండవల్లిలో చేపల చెరువుల మందులు అమ్మే షాపువారి ల్యాబ్. కాలేజీవారు మంగళవారం సాయంత్రంలోగా ఏ సంగతో తేల్చమన్నారు. అందుకని ఆ రోజే రెండూ చూసి రావాలని బయలుదేరింది. చాలా ఏళ్ళు మిషన్ హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని కనుక, పిలవకపోయినా నేనూ వెంట వెళ్ళాను.

గూడేనికి పొద్దున్న ప్యాసింజరు మేలు. గంటకి కాస్త అటూ ఇటూగా దింపుతుంది, టిక్కెట్టు ఖర్చు ఖర్చే కాదు. స్టేషను బయట షేర్ ఆటోలుంటాయి. కాలేజీ గేటు మీద ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీ. ప్రిన్సిపాల్‌గారు మర్యాదస్తుడు, మాకు కాఫీ తెప్పించాడు.

“డాక్టరేటంటే పేరెంట్సుకి గురి కుదురుతుందండీ. వచ్చే ఫ్లెక్సీలో మేడమ్‌గారి ఫొటో కూడా వేసేద్దాం.”

“ల్యాబ్ ఉందాండీ?” అని కరుణ అడిగింది.

“లేకేమండీ! ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు తెరుస్తాం.”

పాఠాలు ఎంట్రన్సు కోచింగు వరకే. వేసవిలో మాత్రం జంగారెడ్డిగూడెం, కామవరపుకోట వైపు ఊళ్ళు తిరిగి పిల్లల్ని చేర్పించాలట. చేరకపోతే ఏమవుతుందని నేనడిగితే, “జీతంలో సర్దుకుందామండీ” అన్నాడు. ఆ మాట కూడా అంత మర్యాదగానే అన్నాడు.

తిరిగి ఏలూరు వచ్చి, కొత్త బస్టాండు దగ్గర భోజనం కానిచ్చి కైకలూరు బస్సెక్కాం. కొల్లేరు మీదుగా వెళ్ళే దారి అది. ఎండ వాలేవైపు కూర్చోకండి, కిటికీకి తెర ఉండదు. ఎంతసేపైనా గట్లూ చెరువులూ, చెరువుల మీద గూడబాతులూ తప్ప ఏమీ కనపడక కండక్టరుని అడిగాను.

“ఏవండీ, కొల్లేరు ఇంకెంత దూరం?”

“మీరు అరగంట నుంచీ కొల్లేట్లోనే ఉన్నారండీ మామ్మగారూ. చెరువులయిపోయింది, అంతే.”

కైకలూరులో దిగి ఆటోలో మండవల్లి చేరేసరికి మూడు దాటింది. షాపు ముందంతా మందు డబ్బాలు, వెనక గదిలో ఒక మైక్రోస్కోపు. నీళ్ళ పరీక్ష, చేప పరీక్ష రైతులకి ఉచితం. మేం కూర్చోగానే సత్తిబాబు అనే రైతు వచ్చాడు. సంచిలో రెండు శీలావతి చేపలు, సీసాలో చెరువు నీళ్ళు.

“తెల్లారగట్ల పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయండీ. మొప్పల్లో పురుగేమో చూడండమ్మా.”

కరుణ మొప్ప ముక్క కోసి చూసింది. నీళ్ళూ పరీక్షించింది. “పురుగేం లేదండీ. మేత ఎక్కువై అడుగున కుళ్ళుతోంది, నీళ్ళలో ఆక్సిజన్ చాలట్లేదు. రెండ్రోజులు మేత ఆపి, కొత్త నీళ్ళు పెట్టండి.”

“మరి మందండీ?”

“అక్కర్లేదండీ.”

సత్తిబాబు మొహం చిన్నబోయింది. “ఇంత దూరం వచ్చానండీ. ఒక్క మందైనా లేదా?” అంటూ లేచి వెళ్ళిపోయాడు.

షాపు యజమాని గొంతు తగ్గించాడు. “మేడమ్‌గారూ, ఏదో ఒకటి రాయాలండీ. ఈ గది అద్దె, ఆ మైక్రోస్కోపు, రేపు మీ జీతం, అన్నీ మోసేది ఆ డబ్బాలే.”

“అక్కర్లేనిది ఎలా రాయనండీ?”

“అంటే, నాడి చూడటం ఉచితం, కషాయం మాత్రం తాగి తీరాలన్నమాట,” అన్నాను నేను. ఆయన నవ్వాడు, కానీ కాదనలేదు. ఉద్యోగం సంగతి మళ్ళీ ఎత్తనూ లేదు.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. ఎదుటి మందుల షాపులోంచి సత్తిబాబు ఓ డబ్బాతో వచ్చి, రోడ్డు దాటి మా దగ్గర ఆగాడు.

“అమ్మా, ఇది వెయ్యమంటారా, వద్దంటారా?”

కరుణ డబ్బా మీద చదివింది. “ఇది నాచుని చంపుతుందండీ. ఇప్పుడు వేస్తే చచ్చిన నాచూ కుళ్ళి, చేపలకి ఊపిరి ఇంకా తగ్గుతుంది. వెయ్యకండి.”

“వద్దని చెప్పింది కదయ్యా, మరి ఎందుకు కొన్నట్టు?” అన్నాను.

“చేతులూపుకుంటూ వెళ్తే మా ఆవిడ ఊరుకోదండీ.” డబ్బా వెనక్కి తీసుకుని, “రేపు చెరువు కాడికొచ్చి చూస్తారా అమ్మా? పక్క చెరువులోళ్ళదీ ఇదే గొడవండీ. ఎంతివ్వమంటారు?” అన్నాడు.

కరుణకి అన్నేళ్ళ చదువులో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. నేనే అందుకున్నాను. “ఆ డబ్బాకెంత పోశావో అంత.”

అతను డబ్బా వైపు చూసుకున్నాడు. “అలాగేనండీ,” అన్నాడు.

తిరుగు బస్సులో కరుణ కాలేజీకి ఫోన్ చేసి రానని చెప్పింది. రెండు చెరువులతో బతుకు గడవదని నాకూ తెలుసు, దానికీ తెలుసు. కానీ పొద్దున్న చూసిన ఉద్యోగానికి దాని పేరు ముందున్న రెండక్షరాలు కావాలి, మధ్యాహ్నం చూసినదానికి సంతకం కావాలి. దానికి తెలిసినదేమిటో కావలసినవాడు దారిలో తగిలాడు. అతనికి అది ఉద్యోగమని తెలియదు, మాకూ అప్పటిదాకా తెలియదు. ఏడాది చూద్దామంది. నేను వద్దనలేదు. నేను వద్దనకపోవడం మా ఇంట్లో అరుదు.

ఇలాంటి పని మీద మండవల్లి వెళ్ళేవారికి ఒక్క మాట: పొద్దున్నే వెళ్ళండి, రైతులు చేపలు పట్టుకొచ్చేది ఎక్కువగా అప్పుడే. యజమానితో మాట్లాడే ముందు ఓ గంట ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చోండి. ఉద్యోగమేమిటో ఆయన చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.