ఇరవై అయిదుకి ఇరవై మూడు

ఆస్తమా ఉన్నవాళ్ళకి మా క్లినిక్‌లో ఒక కాగితం ఇస్తారు. అయిదు ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు మార్కులు. గత నాలుగు వారాల్లో ఎన్నిసార్లు ఆయాసం వచ్చింది, నీలం ఇన్‌హేలర్ ఎన్నిసార్లు వాడావు, ఇలా. ఊపిరి ఎంత బాగుంటే అన్ని మార్కులు. మార్కులన్న మాట వింటే చాలు, నాకు ఒళ్ళు తెలియదు. లెక్కల్లో తొంభై ఎనిమిదొస్తే మిగతా రెండూ ఎక్కడ పారేశావని నిలదీసిన ఇంట్లో పెరిగాను మరి. నలభై మూడేళ్ళొచ్చి, అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ కూడా, ఆ కాగితం చేతికి రాగానే మంచి జవాబులు వెతికి టిక్కు పెట్టేదాన్ని. ఎప్పుడూ ఇరవై మూడుకి తగ్గలేదు. నిజం రాస్తే పాస్ మార్కులు కూడా రావు.

రెండేళ్ళ కిందట, మొదటిసారే డాక్టరమ్మ రెండు ఇన్‌హేలర్లు రాసిచ్చింది. నీలంది ఆయాసం వచ్చినప్పుడు పీల్చడానికి. రెండోది ఒంట్లో బాగున్నా బాగోకపోయినా రోజూ పొద్దునా సాయంత్రం. ఊపిరి గొట్టాల్లో వాపు తగ్గించేది రెండోదేననీ, నీలంది ఆ పూటకి దారి తెరుస్తుందే తప్ప వాపు జోలికి పోదనీ ఓపిగ్గా చెప్పింది. బుద్ధిమంతురాలిలా తలూపాను. పది రోజులు వాడాను. ఏమీ తెలియలేదు. అదే నీలంది పీలిస్తే కాసేపటికే ప్రాణం లేచొచ్చేది. పైగా రెండోది స్టెరాయిడ్ అట, మొదలుపెడితే ఇక వదలదని ఒక స్నేహితురాలు భయపెట్టింది. బాగున్నరోజున మందెందుకులే అని పక్కన పడేశాను. ఫార్మసీవాళ్ళు మాత్రం నెలనెలా పంపుతూనే ఉన్నారు. విప్పని డబ్బాలు నా సొరుగులో పేరుకుపోయాయి. నేను ఎవరికీ చెప్పలేదు. నా మార్కులు చూసి, రోజూ మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందనుకుంది డాక్టరమ్మ.

ఇక నా బతుకు చూడండి. మిషిగన్ చలికాలం. ఇంట్లోంచి గరాజ్‌లోకి, గరాజ్‌లోంచి కార్లోకి, కార్లోంచి ఆఫీసులోకి. పార్కింగ్ లాట్‌లో ఆ నాలుగడుగులు వెయ్యడానికి ముక్కూ మూతీ కట్టుకుని, మధ్యలో రెండుసార్లు ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేదాన్ని. తలుపు పక్కన చోటు దొరక్కపోతే కార్లోనే ఏడుపొచ్చేది. తాలింపు ఘాటుకి వంటింట్లో నిలబడలేను, అగరొత్తుల పొగకి గుడికి వెళ్ళలేను. నీలంది బ్యాగులో ఉందో లేదో మూడుసార్లు తడుముకోకుండా మెయిల్‌బాక్స్ దాకా కూడా పోలేను. గుంజకి కట్టిన గేదెలా తాడున్నంత మేరే తిరిగేదాన్ని. విప్పమని అడుగుదామంటే రెండేళ్ళ అబద్ధం బయటపడుతుంది. ఆ సిగ్గుకన్నా ఆయాసమే నయమనిపించేది. ఎంత తెలివితక్కువతనమో!

మొన్న ఫిబ్రవరిలో మంచు బాగా పడటంతో మా ఆయనే డ్రైవ్ చేసి క్లినిక్‌కి తీసుకెళ్ళారు. బయట కూర్చోమన్నా వినకుండా లోపలికీ వచ్చారు. నేను ఎప్పటిలాగే టిక్కులు పెట్టాను. నర్సు కూడి, ఇరవై మూడని రాసి, మెచ్చుకుని వెళ్ళింది. ఆయన ఆ కాగితం అందుకుని పైనుంచి కిందదాకా చదివారు.

"ఇదెవరి పేపరు?" అన్నారు.

నోర్మూసుకోమని కళ్ళతోనే ఉరిమాను. ఈలోగా డాక్టరమ్మ వచ్చి, మార్కులు చూసి సంతోషించి, ఎలా ఉన్నావని అడిగింది. చాలా బాగున్నానన్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు. మాట్లాడింది ఇంగ్లీషులోనే గానీ నాకు తెలుగులోనే వినబడింది.

"నవ్వితే తనకి దగ్గు తెరలు తెరలుగా వస్తుంది డాక్టర్. ఎంతకీ ఆగదు. అందుకని నేను తనని నవ్వించడం మానేశాను."

నాకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళయిన కొత్తలో ఈ మనిషి మాటలకి నవ్వాగక, అన్నం తింటుంటే నాకు పొలమారేది. అలాంటివారు రెండేళ్ళుగా ఇంట్లో నోరు విప్పడం లేదు. గ్రీన్ కార్డ్ దిగులనుకున్నాను. వయసనుకున్నాను. నా మీద విసుగు పుట్టిందని కూడా అనుకుని, ఎన్నిసార్లు సాధించానో లెక్కలేదు. ఎంత సాధించినా ఒక్కనాడూ ఇదీ సంగతని చెప్పలేదు.

ఇంకో కాగితం ఇమ్మన్నాను. ఈసారి ఉన్నదున్నట్టు రాశాను. ఎనిమిదొచ్చింది. సొరుగులో డబ్బాల సంగతీ చెప్పేశాను. డాక్టరమ్మ తిట్టలేదు, తిట్టినా బాగుండేది. రోజూ మందు మానకుండా వాడాలనీ, గుణం తెలియడానికి వారాలు పట్టొచ్చనీ, పీల్చాక నోరు పుక్కిలించాలనీ, నీలంది మాత్రం ఎప్పుడూ దగ్గరుండాలనీ మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఎన్నాళ్ళని అడిగాను. ఇప్పట్లో ఆపేది కాదంది. అయినా సరేనన్నాను.

తిరిగొచ్చేటప్పుడు కార్లో బ్యాగులోంచి నీలంది తీసి పట్టుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నేనే కదిపాను.

"ఏదైనా చెప్పండి. నవ్వొచ్చేది. ఇన్‌హేలర్ చేతిలోనే పట్టుకున్నాను."

ఆయన స్టీరింగ్ మీద చేతులుంచి ఆలోచించారు. లైటు పచ్చబడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"ఏమీ గుర్తు రావట్లేదే," అన్నారు.