పూయని అనపపాదు కోసం దేవనహళ్ళి దాకా

ఆ ఏడు నవంబరు నెలాఖరులో నేను దేవనహళ్ళి వెళ్ళింది కోట చూడటానికి కాదు, మా బావమరిది మునియప్పతో తగవు తేల్చుకోవడానికి. ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల అతనికి రెండెకరాల మెట్టచేను ఉండేది. అందులో వాళ్ళమ్మ కాలం నుంచి వస్తున్న నాటు అనప పండేది. అనప తెలియని కోస్తావాళ్ళు దాన్ని చిక్కుడుకు చెల్లెలు అనుకోవచ్చు. బెంగళూరులో అవరేకాయ అంటారు. ఆ చేను ఇళ్ళ సైట్లు వేసేవాళ్ళకు అమ్ముడైపోయింది. అదే ఆఖరి పంటని తెలిసి, జూలైలోనే మా ఆవిడ రత్నమ్మ తమ్ముడి దగ్గర గుప్పెడు విత్తనం తెచ్చి బెంగళూరు పీణ్యలోని మా మిద్దె మీద పెట్టింది. "దాచిపెడితే పురుగు పడతాది. ఏడాదికొకసారి మట్టిలో పడితేనే మా అమ్మ విత్తనం నిలుస్తాది" అంది. నాలుగు నెలలకు తీగ పందిరంతా కమ్మేసింది. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు.

నేను ముప్పై ఏళ్ళు లేతు మిషను మీద పనిచేసినవాణ్ణి. కొలత సరిగ్గా ఉండి కూడా వస్తువు తప్పొస్తే దోషం సరుకుదేనని నా నమ్మకం. ఎర్రమట్టి, పశువుల ఎరువు, వేపపిండి అన్నీ కొలిచే వేశాను. కాబట్టి మూలమీది టెలిఫోను బూతు నుంచి మునియప్పకు ఫోను చేసి, "నీ విత్తనం గొడ్డుదప్పా, పీకేసి పొట్లపాదు పెడతా" అన్నాను. ఆ మాట తెలిసి రత్నమ్మ మూడు రోజులు నాకు చారన్నమే పెట్టింది. నాలుగో రోజు సంచీ చేతికిచ్చింది. "పీకే ముందు పోయి ఆ మాట వాని ఎదురుగా అనేసి రా" అంది.

ఉదయం ఐదున్నరకు పీణ్యలో సిటీ బస్సెక్కి యశవంతపురంలో దిగి, అక్కడ మరో బస్సు పట్టుకొని హెబ్బాళ చేరాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఎదురుగా ఉన్న చెరువు కనిపించలేదు. అక్కడినుంచి దేవనహళ్ళి బస్సు. అప్పట్లో పదిహేను రూపాయల లోపే. దారిపొడవునా రోడ్డు మీద అనపతొక్కలు. కాయలు ఒలిచిన ఇంటివాళ్ళు తొక్కలు గంపలో వేయకుండా వీధిలో పోసేవారు, నలుగురూ తొక్కి నడిస్తే వచ్చే ఏడు పంట బాగుంటుందని. అంతకుముందొకసారి వాటి మీద కాలు జారి పడ్డాను. మరుసటి ఏడు పంట బాగానే వచ్చిందనుకోండి.

ఎనిమిదింటికి దేవనహళ్ళిలో దిగగానే ఆటో అతను నా చంకలోని సంచీ చూశాడు.

"అవరేకాయకా సార్?"

"కాదప్పా, కొట్లాటకు."

"అట్లయితే పోవడానికి ఇరవై ఇయ్యండి. కొట్లాటంటే జల్దీ తిరిగొస్తారు, ఈడనే ఉంటా."

చేను పక్కనే ఉన్న ఇంటి వాకిట్లో మునియప్ప కూర్చొని పళ్ళు తోముకుంటున్నాడు. "రా బావా, గొడ్డుదాన్ని చూసేదానికి వచ్చినావా?" అన్నాడు, లేవకుండానే. అతని భార్య అక్కాయమ్మ మాత్రం పీట వేసింది. ఆమె ఎదుట రాత్రంతా నానిన అనపగింజల గిన్నె ఉంది. ఒక్కో గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి, పచ్చని పప్పు ఎగిరి పళ్ళెంలో పడుతోంది. పితికిన పప్పంటే అదే. నేనూ ఒక గుప్పెడు అందుకున్నాను. మొదటి గింజ మునియప్ప చెంపకు తగిలింది.

"కొట్టేదానికే వచ్చినాడు చూడు" అన్నాడు.

నేను మట్టి, ఎరువు, నీళ్ళు అన్నీ లెక్క చెప్పాను. అక్కాయమ్మ విని, చేతులు ఆపి అడిగింది. "అన్నా, మీ మిద్దె మీద చీకటి పడతాదా?"

"ఎక్కడైనా చీకటి పడుతుంది కదా అమ్మా?"

"పడదు. రా, చూపిస్తా."

చేలోకి తీసుకెళ్ళింది, మునియప్పా వెనకే వచ్చాడు. మంచుకు తడిసిన కాయల మీద జిడ్డు, ఆ జిడ్డులోంచే వచ్చే ఘాటైన వాసన. దాన్ని ఇక్కడివాళ్ళు సొగడు అంటారు. చేనంతా పూత, కాయ. రోడ్డు పక్క మూలలో మాత్రం పది పన్నెండు మొక్కలు ఒట్టి ఆకులతో నవనవలాడుతున్నాయి. వాటి నెత్తిన కొత్తగా వేసిన దీపస్తంభం.

"అంగడి విత్తనమైతే ఎప్పుడైనా పూస్తాది. ఇది పాతకాలం మనిషి అన్నా. రాత్రి పొడుగైందని తెలిస్తేనే పూస్తాది. దీపముంటే దీనికి ఇంకా పగలే."

మా మిద్దెకు ఎదురుగా ఉన్న వీధిదీపం కళ్ళముందు మెదిలింది. దాన్ని పెట్టించమని ఆరు నెలలు అర్జీలు రాసింది నేనే. ఆ మాట చెప్పక తప్పలేదు. మునియప్ప గట్టు మీద కూలబడి నవ్వాడు. "అయితే గొడ్డుది విత్తనం కాదు బావా, నీ అర్జీ!"

మధ్యాహ్నం పితికిన పప్పు కూర చేశారు. కొబ్బరి, కొత్తిమీర, అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరప, రెండు లవంగాలు కలిపి రోట్లో నూరిన ముద్దతో ఉడికించి, రాగిసంగటి పక్కన వడ్డించారు. ఇద్దరి ముందు తప్పు ఒప్పుకున్నాక అంత ఆకలి వేస్తుందని నాకు తెలియదు. మూడింటి బస్సుకు బయలుదేరి, దీపాలు వెలిగేలోగా ఇల్లు చేరాను.

దీపం ఆర్పమనడం కుదరదు. షిఫ్టు దిగి వచ్చే ఆడపిల్లలు ఆ దారినే నడుస్తారు. పందిరికి వీధివైపు పాత టార్పాలిన్ కట్టాం. సాయంత్రం ఆరింటికి దించడం, పొద్దున ఎత్తడం. "ఏమప్పా, మిద్దె మీద సినిమా ఏస్తాండారా?" అని పక్కింటాయన రోజూ అడిగేవాడు. మూడు వారాలకు మొగ్గలు కనిపించాయి. సంక్రాంతి దాటాక కాయలు ముదిరాయి. వండుదామన్నాను, రత్నమ్మ ఒక్క కాయ కూడా కోయనివ్వలేదు. కూరకు యశవంతపురం సంతలో కొనుక్కున్నాం. ఫిబ్రవరి చివర పాదు మీదే ఎండిన కాయలు ఒలిస్తే శేరుకు తక్కువ గింజలు వచ్చాయి. బూడిద కలిపి డబ్బాలో పోసింది.

జూన్‌లో మునియప్ప వచ్చాడు. చేను అప్పటికే రాళ్ళు పాతిన సైట్లయింది. దాచుకున్న విత్తనానికి పురుగు పట్టిందట. గుత్తకు అరెకరం తీసుకున్నాడట. గుమ్మంలో నిలబడి, "అక్కా, ఒక గుప్పెడు విత్తనం ఉందా?" అన్నాడు. రత్నమ్మ డబ్బా తెచ్చి సగం పోసింది. అతను అంగీ ఎత్తి పట్టుకున్నాడు.

నేను చదివింది తక్కువ. చెట్ల గురించి నాకు తెలిసిందల్లా ఎవరో ఒకరి ముందు తప్పు ఒప్పుకొని తెలుసుకున్నదే. పందిరి మీద టార్పాలిన్ దించే పని ఏటేటా నాదే అయింది, మోకాళ్ళు నొప్పెట్టినా.

అనప రోజుల్లో మీరు దేవనహళ్ళి వైపు వెళ్తే కాయలతోపాటు నాటు విత్తనం కూడా గుప్పెడు అడిగి తెచ్చుకోండి. అయితే వెళ్ళే ముందు వెన్నెల లేని ఒక రాత్రి ఇంట్లో దీపాలన్నీ ఆర్పి మీ మిద్దె ఎక్కండి. మీ చేతి గీతలు మీకు కనిపిస్తుంటే, పాదుకు వేరే చోటు చూడండి.